డ్రైవరు సీటు ఎవరి కొలతకు ఉంది

మార్చి 12, మంగళవారం, ఉదయం. గుంటూరు ఊరి బయట, కార్ల వర్క్‌షాపు.

హాజరైనవారు: సర్వేయరుగా నేను. కారు యజమాని రూతు కుమారి గారు, కారంపూడి హైస్కూలులో లెక్కల టీచరు. ఆమె భర్త ప్రభుదాసు గారు, నరసరావుపేటలో ఎరువుల కొట్టు యజమాని. వర్క్‌షాపు మేనేజరు నాగేంద్ర.

ప్రతి సర్వేకీ ముందు తారీఖు, చోటు, ఎవరెవరు వచ్చారన్నది రాసుకున్నాకే బండి దగ్గరికి నడవడం నాకు అలవాటు. పని మానేశాక కూడా డైరీ రాయడం మానలేదు కానీ, ఇప్పుడు హాజరైనవారి జాబితాలో నేనూ మా ఆవిడా తప్ప ఎవరూ ఉండరు. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు "ఎలక్ట్రిక్ కార్ల క్లెయిమ్ ఎలా చూడాలి సార్?" అని అడుగుతున్నారు. ఆ రోజు జరిగింది చెబితే నాకు తెలిసినదంతా చెప్పినట్టే. చిన్న ప్రమాదం, పెద్దగా దెబ్బ తగలని బండి, అయినా ఒక మనిషి చేతిలోంచి ఆ బండి శాశ్వతంగా జారిపోయేదే.

మా పని ఏమిటంటే

పల్నాడులో సర్వేయరు అనగానే గొలుసు పట్టుకుని పొలం గట్లు కొలిచేవాడే గుర్తొస్తాడు. నేను బైకు దిగగానే "మా తూర్పు గట్టు సంగతి ముందు చూడండి" అన్నవాళ్లు చాలామంది. మాది బీమా సర్వే. బండికి దెబ్బ తగిలితే అది ఎలా తగిలింది, బాగుచేయడానికి ఏం కావాలి, అందులో ఎంతవరకు పాలసీ కిందికి వస్తుంది అని చూసి రాసివ్వడం. కంపెనీ మనకు ఫీజు ఇస్తుంది కాబట్టి కంపెనీ మనిషిమని జనం అనుకుంటారు. జనంతో కూర్చుని టీ తాగుతాం కాబట్టి జనం మనిషిమని కంపెనీ అనుకుంటుంది. రెండు వైపులా ఈ అనుమానం సమానంగా ఉన్నంతకాలం మీరు పని సరిగా చేస్తున్నట్టే లెక్క.

ఈ ప్రాంతంలో మొదట నేర్చుకోవలసింది ఇక్కడి మర్యాదలు. మాచర్లలో ఒక జీపు చూడ్డానికి వెళితే, సర్వేయరు గారు వస్తున్నారని ఆ ఇంటాయన జీపును శుభ్రంగా కడిగించి, పసుపు కుంకుమ పెట్టించి, సొట్టలు తీయించి, వాకిట్లో కుర్చీ వేసి ఎదురుచూస్తున్నాడు. "దెబ్బలేవండీ?" అంటే, "మీరొచ్చే టయానికి అట్టా ఉంటే బాగోదని తీయించా" అన్నాడు. అతిథి వస్తే ఇల్లు అలికినట్టే ఇదీనూ. అందులో మోసం లేదు. కానీ దెబ్బ లేని బండికి నేనేమని రాయను? అప్పటినుంచి ఫోనులో నా మొదటి మాట "నమస్కారం" కాదు, "బండి కడగొద్దు."

క్రోసూరు ట్రాక్టరు

నాకు పని నేర్పినవారు కోటేశ్వరరావు గారు. ఆయన సంచీలో ఎప్పుడూ టేపు, సుద్దముక్క, నిమ్మకాయ ఉండేవి. నిమ్మకాయ దిష్టికి కాదు, మజ్జిగలోకి. ఆయన వెంట తిరుగుతున్న మొదటి రోజుల్లో క్రోసూరు దగ్గర ఒక ట్రాక్టరు కాలవలోకి ఒరిగింది. ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడికి లైసెన్సు ఉంది, అన్నకు లేదు. ఎవరు నడిపారని గురువు గారు అడిగితే అన్న ముందుకొచ్చి "నేనే" అన్నాడు. రాసుకున్నారు. లైసెన్సు లేనివాడు నడిపాడు కాబట్టి క్లెయిమ్ పోయింది. తర్వాత తమ్ముడు ఆఫీసుకొచ్చి, నడిపింది తనేనని, అన్న తనను కాపాడదామని అలా చెప్పాడని మొత్తుకున్నాడు. "ముందొకటి, తర్వాతొకటి చెబితే నేను ఏది నమ్మాలయ్యా?" అన్నాడు బ్రాంచి మేనేజరు. ఆయన్ను తప్పు పట్టలేం. ఆ ట్రాక్టరు చాలా ఏళ్లు వాళ్ల పశువుల కొట్టం పక్కనే తుప్పు పట్టింది. కోళ్లు దాని సీటు మీద గుడ్లు పెట్టేవి.

బస్సులో తిరిగి వస్తూ గురువు గారు అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఒరేయ్, అన్న అబద్ధం చెప్పాడని వాడి మీద కోప్పడకు. మనం అడిగిన ప్రశ్నే తప్పు. పల్నాడులో ఎవరు చేశారని అడగ్గూడదు. ఇంటి పెద్ద ఎవరో వాడే చేతులు కట్టుకుని నిలబడతాడు. ఎట్టా జరిగిందో కూర్చుని చూపించమనాలి."

ఆ మాట ఎంత నిజమో ఈ ప్రాంతంవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఊళ్లో గొడవ జరిగితే ఆ రోజు ఊళ్లోనే లేనివాడు కూడా స్టేషనుకు వెళ్లి "నా పేరు రాసుకోండి" అంటాడు. కేసు తన మీద వేసుకోవడం ఇక్కడ మగతనం కింద లెక్క. తనవాళ్లను వెనక్కి నెట్టి తను ముందు నిలబడతాడు. దాన్ని నేను గొప్పగానూ చెప్పను, తప్పుగానూ చెప్పను. కానీ బీమా కాగితం మీద అది మనవాళ్లనే ముంచుతుంది.

వర్క్‌షాపులో

ఇక రూతు కుమారి గారి కారు సంగతి. నరసరావుపేట నుంచి కారంపూడికి రోజూ వెళ్లి రావడానికి ఆమె తన పేరు మీద అప్పు తీసుకుని కొనుక్కున్న చిన్న ఎలక్ట్రిక్ కారు. కంపెనీ నాకు పంపిన వివరాల్లో ఇలా ఉంది: కారంపూడి సెంటర్ దాటాక ముందు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని వెళుతున్న ట్రాక్టరు హఠాత్తుగా ఆగింది. కారు ఎడమకు తిప్పేసరికి కుడి లైటు ట్రాక్టరు వెనక ట్రక్కు మూలకు తగిలింది, ఎడమ చక్రం రోడ్డు అంచు దిగి అడుగుభాగం కల్వర్టు రాయికి రాసుకుంది. మనుషులకు దెబ్బల్లేవు. నడిపినవారు: ప్రభుదాసు.

నాగేంద్ర ఎస్టిమేటు నా చేతిలో పెట్టాడు. లైటు, బంపరు, ఫెండరు, రంగు పైన నాలుగు వరుసల్లో ఉన్నాయి. అడుగున ఒకే వరుస: బ్యాటరీ ప్యాక్, కొత్తది. ఆ ఒక్క వరుస ముందు పైవన్నీ చిల్లర.

"అడుగు వంగింది సార్. వంగితే ప్యాక్ మార్చడమే," అన్నాడు.

నేను బండి చుట్టూ తిరిగాను. ముందు బండితో మాట్లాడి, తర్వాతే మనుషులతో మాట్లాడాలన్నది గురువు గారి పద్ధతి. కుడి లైటు మీద ట్రక్కు ఇనుము గీత సరిగ్గా ఉండాల్సిన ఎత్తులోనే ఉంది. ఎర్ర రంగు అంటుకుంది. చెప్పిన ప్రమాదం నిజంగానే జరిగింది. తర్వాత డ్రైవరు వైపు కిటికీలోంచి చూశాను. సీటు స్టీరింగు మీదికి బాగా జరిపి ఉంది, ఎత్తు పూర్తిగా లేపి ఉంది, పైన ఒక పూల దిండు. ప్రభుదాసు గారు నాకన్నా జానెడు పొడుగు. రూతు గారు నా భుజం దాకా వస్తారు.

"ప్రభుదాసు గారూ, కిలోమీటర్ల రీడింగు రాసుకోవాలి. కాస్త కూర్చుని ఆన్ చేయండి," అన్నాను. మిషను పెట్టి ముందే పరీక్షించామని, స్క్రీను వెలిగించడానికి భయం లేదని నాగేంద్ర చెప్పాడు.

ఆయన తలుపు తీశాడు. ఒక కాలు లోపల పెట్టాడు. రెండోది పెట్టడానికి చోటు చాలక కాస్త వంగి, మెలికలు తిరిగి ఎలాగో కూర్చున్నాడు. మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. పైన అద్దంలో ఆయనకు తన చొక్కా గుండీలే కనిపించి ఉండాలి. చేతిలో రిమోటు పట్టుకుని స్టీరింగు కింద కుడివైపు తడిమాడు. ఎడమవైపు తడిమాడు. కాలితో క్లచ్ కోసం వెతికాడు.

"ఏమండీ, దిగండి," అన్నారు రూతు గారు మెల్లగా.

"ఉండవే, తాళం ఎక్కడ పెట్టాలో చూస్తన్నాగా."

"దానికి తాళం పెట్టే బెజ్జం ఉండదండీ."

నాగేంద్ర గోడమీది క్యాలెండరు వైపు తిరిగి చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

ప్రభుదాసు గారు దిగారు. ఆమె ఎక్కారు. దర్జీ కొలత తీసి కుట్టినట్టు ఆ సీట్లో ఇమిడిపోయారు. కాలు బ్రేకు మీద పెట్టి బొత్తాం నొక్కారు. స్క్రీను వెలిగింది.

ఆయన కిటికీ దగ్గర వంగి అడిగాడు. "స్టార్ట్ కాలేదుగా?"

"అయిందండీ."

"చప్పుడేదే?"

"దీనికి చప్పుడుండదు."

"మరి ఆ ముక్క నాకెప్పుడూ చెప్పలా?"

"మీరెప్పుడన్నా ఎక్కితేగా!"

రీడింగు రాసుకున్నాను. దాని కింద, మొదట్నుంచీ అలవాటైన పద్ధతిలో, చూసింది చూసినట్టు ఒక వాక్యం రాశాను: "భర్త మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి." పెన్ను మూసి "టీ తాగొద్దాం రండి" అన్నాను.

టీ తాగుతూ

యువ సర్వేయర్లకు ఒక మాట. దొరికిపోయిన మనిషిని వర్క్‌షాపులో, నలుగురి ఎదుట నిలదీయకండి. అక్కడ ఎవరైనా తన మాట మీదే నిలబడతాడు. పల్నాడువాడైతే ప్రాణం పోయినా నిలబడతాడు. టీకొట్టు దాకా నడిపించండి.

ప్రభుదాసు గారు టీ గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడ్డారు. నేను లైసెన్సు అడిగాను. ఇచ్చారు. మోటారు సైకిలుది.

"దీంతో కారు నడిపారని రాస్తే క్లెయిమ్ రాదండీ," అన్నాను.

"రాదా?" అన్నారు రూతు గారు. గ్లాసు కింద పెట్టేశారు. "నాకు కారు లైసెన్సు ఉంది సార్. నడిపింది..."

"నువ్వుండు," అన్నాడాయన.

"నేనెందుకుండాలి? బండి నాది, లైసెన్సు నాది, అడ్డంగా ఆపింది ట్రాక్టరోడు. మధ్యలో మీరెందుకు దూరారు? సార్, నేనే నడిపాను. టెన్తు పిల్లలకు స్పెషల్ క్లాసు చెప్పి ఒక్కదాన్నే వస్తన్నా. మెల్లగానే వస్తన్నా. బ్రేకు కూడా వేశా."

ఆయన నా వైపు తిరిగాడు.

"ఏడుస్తా ఫోన్ చేసిందండీ. బండి సంగతి నేను చూసుకుంటాలే అని కంపెనీ నంబరుకు కొట్టా. ఎవరో అమ్మాయి, వాహనం ఎవరు నడిపారు సార్ అంది. నోట్లోంచి నేనే అని వచ్చేసింది. ఆడమనిషి పేరు కేసుల్లో ఎందుకులే అని."

"కేసెక్కడుందండీ?" అన్నారామె.

"అదేగా, లేదని నాకేం ఎరిక?" అని, గొంతు తగ్గించి నాతో అన్నాడు. "మా అన్న మొదట్నించీ అంటన్నాడండీ. దానికి కారిప్పించావు, ఏదో ఒకరోజు నీ మెడకు చుట్టుకుద్ది చూడు అని. ఇది గుద్దిందని తెలిస్తే ఊరంతా చాటింపేస్తాడు. నేను గుద్దానంటే ఏమంటాడు? ఏమనడు. మగోడు గుద్దితే యాక్సిడెంటేగా."

ఈ మాటకు రూతు గారు నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

"ఈయన బండిని ఉన్నపళంగా అమ్మేద్దామని ఎవరితోనో మాట్లాడుతున్నారు సార్. బ్యాటరీ మన డబ్బుతో వేయించుకునే స్తోమత మాకు లేదు, అది నిజమే. కానీ ఈ బండి పోతే మళ్లీ కొనలేను. ఒకవేళ కొన్నా నన్ను నడపనివ్వరు. ఈ వయసులో స్టేడియం గ్రౌండులో పొద్దున్నే పిల్లకాయలు నవ్వుతుంటే నేర్చుకున్నా. ఇక మళ్లీ షేరాటోలో ఒళ్లో సంచి పెట్టుకుని ఇరుక్కుని కూర్చోవాల్సిందే."

అప్పుడు నాకు క్రోసూరు ట్రాక్టరు సీటు మీద కోళ్లు గుర్తొచ్చాయి.

నేను వాళ్లిద్దరికీ చెప్పింది ఇంతే. మొదట చెప్పిన మాట తప్పని, ఎందుకు అలా చెప్పారో, నిజంగా ఏం జరిగిందో ఇద్దరూ ఇప్పుడే మీ చేత్తో రాసివ్వండి. నేను దాన్ని దాచను, దిద్దను. మీరు చెప్పింది నిజమేనా అని కారంపూడి వెళ్లి అడుగుతాను. నిజమైతే నిజమని రాస్తాను. ఇవ్వడమా మానడమా అన్నది కంపెనీ తేల్చుకుంటుంది. నా రిపోర్టు వెళ్లకముందే మీ అంతట మీరు దిద్దుకున్నారన్నది మాత్రం మీకు కలిసొస్తుంది.

"అంటే నేను అబద్ధమాడానని నేనే రాసివ్వాలా?" అన్నాడు ప్రభుదాసు.

"అవునండీ."

"మా అన్నకు తెలవాల్సిన పన్లేదుగా?"

"మీ అన్నకు కంపెనీ ఏమీ పంపదు."

ఆయన ఒక్క గుటకలో టీ తాగేసి పెన్ను అడిగాడు.

అడుగు చూడందే రాయను

వర్క్‌షాపుకు తిరిగి వచ్చాక అసలు ఖర్చు దగ్గర కూర్చున్నాం. నేను పెట్రోలు, డీజిలు వాసనల మధ్య బతికిన మనిషిని. ఎలక్ట్రిక్ బండి అడుగున ఏముందో నాకు పుస్తకం చదివిన మేరకే తెలుసు. ఆ మాట నాగేంద్రతోనే అన్నాను. తెలియంది తెలియదని చెప్పడం వల్ల సర్వేయరు చిన్నబోడు. తెలిసినట్టు తల ఊపితే మాత్రం ఎవరు ఏ కాగితం పెట్టినా సంతకం పెట్టాల్సిన పరిస్థితి వస్తుంది.

"ప్యాక్ వంగిందన్నావు. ఏది వంగింది, ప్యాకా, దాని కింద ఉండే రేకా?"

"కింద నుంచి చూస్తే వంపు కనబడుతోంది సార్."

"రేకు విప్పితే?"

"విప్పాలంటే పనండీ. ఆ పని కూలీ కంపెనీ ఇవ్వకపోతే మేం ఇరుక్కుంటాం. అందుకే ఎవరూ విప్పరు, ప్యాక్ మార్చమని రాసేస్తారు."

అతన్ని దోషిని చేయడానికి ఈ సంగతి చెప్పడం లేదు. అతను ఉన్నమాటే చెప్పాడు. విప్పి చూసిన కూలికి ఎవరూ పూచీ పడకపోతే వర్క్‌షాపు పెద్ద వస్తువే మారుస్తుంది. కంపెనీ దాన్ని చూసి కళ్లు తిరిగి క్లెయిమ్‌లో లొసుగు వెతుకుతుంది. మధ్యలో యజమాని నలుగుతాడు. ఇప్పటి ఎలక్ట్రిక్ కార్ల తగాదాల్లో చాలా వాటికి మూలం ఇదే అని నా అభిప్రాయం. విప్పే కూలి నేను రిపోర్టులో రాస్తానని నాగేంద్రకు కాగితం మీద ఇచ్చాను. అప్పుడు లిఫ్టు లేచింది.

దళసరి రబ్బరు తొడుగులు వేసుకుని ఇద్దరు పనివాళ్లు ముందు కరెంటు విడదీశారు. చుట్టూ పసుపు తాడు కట్టి మమ్మల్ని వెనక్కి జరగమన్నారు. రూతు గారు తాడు పట్టుకుని నిలబడ్డారు. ప్రభుదాసు గారు ఆమె వెనక నిలబడి, ఏదో ఆపరేషను చూస్తున్నట్టు గుసగుసలాడారు. "షాకు కొట్టదుగా?"

రేకు ఊడింది. కల్వర్టు రాయి గుద్దిన చోట రేకు లోపలికి సొట్టపోయింది. దాని పైన బ్యాటరీ పెట్టె మీద రంగు లేచిన గీత ఒకటి, వేలెడు పొడుగున. వంపు లేదు. పెట్టెకు గాలి పట్టించి చూశారు, ఎక్కడా లీకు లేదు. కరెంటు బాడీలోకి దిగడం లేదని మీటరుతో చూశారు. తయారీదారు పుస్తకంలో అలాంటి గీతకు ఏం చేయాలో ఉంది: రేకు మార్చాలి, గీత మీద రంగు వేయాలి.

నాగేంద్ర తనే ఎస్టిమేటు తీసుకుని అడుగు వరుస కొట్టేశాడు. ఆ పెన్ను గీత చప్పుడు నాకు వినిపించిందని అంటే అతిశయోక్తి అనుకుంటారు. వినిపించింది. రూతు గారు పట్టుకున్న తాడు వదిలేశారు.

కారంపూడిలో

మర్నాడు కారంపూడి వెళ్లాను. ఈ రోజుల్లో చాలా సర్వేలు ఫోను వీడియోలో అయిపోతున్నాయి. బండి యజమాని ఫోను పట్టుకుని చుట్టూ తిప్పుతాడు, సర్వేయరు ఇంట్లో కూర్చుని చూస్తాడు. తక్కువ దెబ్బలకు అది చాలు. కానీ వీడియోలో సీటు కొలత కనబడదు, టీకొట్టు మాటలు వినబడవు.

కల్వర్టు పక్కనే కోటమ్మ టీకొట్టు. రాయి మీద బండి రేకు గీసిన తెల్లటి చార ఇంకా ఉంది. ఆ కారు నడిపింది ఎవరని నేను అడగలేదు. గురువు గారి పాఠం అదే కదా.

"మొన్న శుక్రవారం ఇక్కడేదో కారు ఆగిందంట, ఎట్టా తీశారమ్మా దాన్ని?" అన్నాను.

"అబ్బో, అదొక పెద్ద కథ బాబాయ్," అంటూ కోటమ్మ స్టవ్వు తగ్గించింది. "మిరగాయల ట్రాక్టరోడు పాపం మంచోడే. గొలుసేసి ఈడ్చి పడేస్తా ఉండమ్మా అన్నాడు. ఆ టీచరమ్మ ఉంది సూడు, ఇంతెత్తు మనిషి, గొలుసుకు అడ్డం నిలబడింది. ఈ బండి ఈడవగూడదు, మోటారు పోద్ది, ఎత్తి పెట్టి తీసుకుపోవాలి అంటది. ఎత్తుకుపోడానికి బండేమన్నా పెళ్లికూతురా అని మావోళ్లు ఒకటే నవ్వు."

బెంచీ మీద కూర్చున్న పెద్దాయన అందుకున్నాడు. "నవ్వితే మాత్రం పక్కకు జరిగిందా? జరగలా. లారీ వచ్చిందాకా ఆ గొలుసు పట్టుకునే నిలబడింది."

"ఆమె ఇంటాయన ఎప్పుడొచ్చాడు?"

"మోటారు సైకిలేసుకుని వచ్చాడు, అంతా అయిపోయినాక," అంది కోటమ్మ. "వచ్చీ రాగానే ట్రాక్టరోడి మీదికి పోబోయాడు. టీచరమ్మే ఆపింది. చానా గట్టి మనిషిలే."

చెబుతున్నవి రాసుకుని, ఇద్దరికీ చదివి వినిపించి, సంతకాలు తీసుకున్నాను. కోటమ్మ సంతకం పెడుతూ "గట్టు తగాదా ఏం కాదుగా?" అని అడిగింది.

నేను ఇంకొకటి కూడా గమనించాను. ఆ రోజు గొలుసు వేసి లాగి ఉంటే ఆ బండి మోటారు నిజంగానే చెడేది. అది ప్రమాదం వల్ల వచ్చిన దెబ్బ కాదు కాబట్టి ఎవరూ ఇచ్చేవారు కాదు. తన బండి గురించి తను తెలుసుకున్న మనిషి కాబట్టి రూతు గారు ముందే సగం క్లెయిమ్ కాపాడుకున్నారు. ఇదీ రిపోర్టులో రాశాను.

హరిత అడిగిన ప్రశ్న

విజయవాడలో కంపెనీ తరఫున క్లెయిములు చూసే అమ్మాయి పేరు హరిత. చురుకైన పిల్ల. రిపోర్టు అందిన రోజే ఫోను చేసింది.

"సార్, డ్రైవరు పేరు తప్పు చెబితే కొట్టేయడమే మా రూలు."

"తెలుసమ్మా. అందుకే రెండు మాటలూ రాశాను."

"నాకొకటి అర్థం కావట్లేదు. లైసెన్సు లేనివాళ్లు ఉన్నవాళ్ల పేరు చెబుతారు. అది రోజూ చూస్తాం. ఇక్కడ లైసెన్సు ఉన్నామె నడిపితే, లేనాయన నేనే అన్నాడు. తనకు నష్టం వచ్చే అబద్ధం ఎవరైనా ఎందుకు చెబుతారు సార్?"

"మా పల్నాడులో చెబుతారమ్మా," అన్నాను. కేసు మీద వేసుకోవడం గురించి చెప్పాను. మోకాళ్లు, తాళం బెజ్జం సంగతి కూడా చెప్పాను. అటువైపు ఫోను పక్కన పెట్టిన చప్పుడు. నవ్వు ఆపుకుంటోందని తర్వాత తెలిసింది.

"మా పెదనాన్న కూడా ఇలాగే సార్," అంది చివరకు. "మా తమ్ముడు కిటికీ అద్దం పగలగొడితే స్కూలుకెళ్లి నేనే పగలగొట్టానన్నాడు."

మేనేజరు దగ్గర ఆ ఫైలు పెట్టి వాదించింది ఆ అమ్మాయే. మోసం చేసి లాభపడే ఉద్దేశం లేదు, రిపోర్టుకు ముందే దిద్దుకున్నారు, నడిపినామెకు సరైన లైసెన్సు ఉంది, సాక్షులు ఉన్నారు, బ్యాటరీ మార్చనక్కర్లేదు. క్లెయిమ్ మంజూరైంది. చివరి కారణం లేకపోతే మిగతా నాలుగూ నిలిచేవా అని నన్ను అడిగితే, నిలిచేవని చెప్పలేను. ఖర్చు చిన్నదైనప్పుడు కంపెనీలకు మనసు కాస్త పెద్దదవుతుంది. మీరు చేరబోయే వృత్తి ఇది. అందుకే అడుగు విప్పి చూడమంటున్నాను.

బండి వచ్చింది

రేకు రావడానికి కొన్నాళ్లు పట్టింది. టెన్తు పరీక్షలు జరుగుతుండగానే ఒక సాయంత్రం రూతు గారు ఫోను చేశారు. బండి ఇంటికి వచ్చిందని, గుంటూరు నుంచి తనే నడుపుకొచ్చానని చెప్పారు.

"మీవారు?" అని అడిగాను.

"వెనక బైకు మీద వచ్చారు సార్. దారంతా అద్దంలో కనబడుతూనే ఉన్నారు."

ఆ రాత్రి డైరీలో 'క్లెయిమ్ ముగిసింది' అని రాసి, చాలా కాలం తర్వాత మొదటిసారి పడుకోగానే నిద్రపోయాను.

మా ఇల్లూ నరసరావుపేటలోనే. మర్నాడు ఉదయం పాల ప్యాకెట్టు తీసుకుని ప్రభుదాసు గారి కొట్టు ముందు నుంచి వస్తున్నాను. కొట్టు ఇంకా తెరవలేదు. మెట్ల మీద నలుగురైదుగురు రైతులు కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్య తెల్ల తువ్వాలు వేసుకున్న పెద్ద మనిషి ప్రభుదాసు వాళ్ల అన్న. ఆయన అప్పుడప్పుడూ పొద్దున్నే అక్కడికి వచ్చి కూర్చుంటాడు.

చప్పుడు లేకుండా కారు వచ్చి మెట్ల ముందు ఆగింది. ఎవరూ చూడలేదు. తలుపు తెరుచుకున్నాక చూశారు. ఎడమవైపు తలుపు అది. ప్రభుదాసు గారు దిగారు. కుడివైపు సీట్లో, పూల దిండు మీద, రూతు గారు.

"ఏంది ప్రభుదాసూ," అన్నాడు ఒక రైతు, "డ్రైవర్ని పెట్టుకున్నావా ఏంది?"

మెట్ల మీద నవ్వులు లేచాయి. అన్న మాత్రం నవ్వలేదు, తమ్ముడి ముఖం వంకే చూస్తున్నాడు. ప్రభుదాసు కొట్టు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"డ్రైవరు కాదు బాబాయ్, ఓనరు," అన్నాడు. తర్వాత అన్న వైపు తిరిగి, అందరికీ వినబడేటట్టు అన్నాడు. "ఆ రోజు కారంపూడిలో నడిపింది కూడా ఆమేనన్నా. నేను కాదు. నాకసలు నడపడం రాదు."

అన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "రాదని నాకు తెలవదంట్రా?" అన్నాడు.

కారు అప్పటికే కారంపూడి రోడ్డు వైపు తిరిగింది. దానికి చప్పుడు ఉండదు కాబట్టి, మూల తిరిగేదాకా నిలబడి చూశాను.